బార్సిలోనా నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ప్రయాణాలు: మూడు రోజులకు ఏడు ఊళ్లు ఎందుకు పట్టవు

మీ ప్రశ్న క్లుప్తంగా: జూన్ 19న బార్సిలోనాలో దిగుతారు, 26న తిరుగు విమానం. వెంట అరవై అయిదు దాటిన అమ్మానాన్నలు, పన్నెండేళ్ల పాప. అందరూ శాకాహారులే. బయటి ఊళ్లకు మూడు రోజులు కేటాయించారు. ఒక రోజు కొండ మీది మఠం మోంట్‌సెరాట్, సాయంత్రానికి సముద్రం ఒడ్డున సిట్జెస్. ఇంకో రోజు జిరోనా, ఫిగేరెస్, కడకేస్. మూడో రోజు తరగోనా, దారిలో వైన్ తయారయ్యే ఊరు. కిలోమీటర్లు కూడితే కుదిరేలాగే కనిపిస్తుంది, కానీ కుదరదు.

కారణం దూరం కాదు, స్టేషన్లు. బార్సిలోనాలో అన్నిటికీ ఒకే చోట రైలెక్కడం ఉండదు. మోంట్‌సెరాట్‌కి ప్లాసా ఎస్పాన్యా కింద ఉన్న ఎఫ్‌జీసీ (కాటలోనియా ప్రభుత్వ రైళ్లు) స్టేషన్ నుంచి వెళ్లాలి. జిరోనా, ఫిగేరెస్‌లకు హైస్పీడ్ రైలు సాంత్స్ స్టేషన్‌లోనే దొరుకుతుంది. సిట్జెస్‌కి సాంత్స్ లేదా పసేజ్ దె గ్రాసియా. కోస్తా బ్రావా తీరంలోని చాలా ఊళ్లకు అసలు పట్టాలే లేవు, ఎస్తాసియో దెల్ నోర్ద్ బస్టాండుకి వెళ్లాలి. ఒకే రోజు రెండు వేర్వేరు లైన్ల మీది ఊళ్లు పెట్టుకుంటే మధ్యలో నగరానికి తిరిగొచ్చి, మెట్రో మారి, మళ్లీ ఇంకో స్టేషన్‌కి చేరాలి. పెద్దవాళ్లతో దానికే గంటన్నర పోతుంది. ఒకే లైన్ మీద ఉండి రెండూ నిజంగా కలిసొచ్చే జంట మీ జాబితాలో ఒక్కటే: ఫిగేరెస్, జిరోనా.

ప్లాను వేసేటప్పుడు వెళ్లే రైలుతో కాక తిరిగొచ్చే రైలుతో మొదలుపెట్టండి. చివరి రైలు ఎన్నింటికో చూసి, దాని ముందు రెండిటిలో ఒకటి మీది అనుకోండి. రోడాలియెస్ అనే ఇక్కడి లోకల్ రైళ్లు, ప్రాంతీయ రైళ్లు ఆలస్యానికి పేరుమోశాయి. సిగ్నల్ పోవడం, కేబుల్ దొంగతనాలు, ట్రాక్ పనులు, సమ్మెలు ఏడాది పొడుగునా ఉంటాయి. సమ్మె రోజున కూడా కనీస సర్వీసులు నడుస్తాయి కానీ జనం రెట్టింపు. అందుకే 25న, అంటే విమానం ముందు రోజు, దూరం వెళ్లకండి. ఏ ప్రయాణానికైనా ముందు రాత్రి రెన్ఫే (స్పెయిన్ రైల్వే సంస్థ) లేదా రోడాలియెస్ యాప్‌లో ఆ తేదీకే వెతకండి. టైంటేబుల్‌లో ఫెయినెర్స్ అంటే పనిదినాలు, ఫెస్తియుస్ అంటే సెలవు రోజులు. సెలవు రోజున పనిదినాల వరస చూసి బయల్దేరి, లేని రైలు కోసం ప్లాట్‌ఫామ్ మీద నిలబడేవాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు.

మీ తేదీల్లో ఆ సెలవు ఉంది. జూన్ 24 సాంత్ జోఆన్ పండగ, కాటలోనియా అంతటా సెలవు. 23 రాత్రి తెల్లవార్లూ టపాసులు, బీచ్ నిండా జనం. మన దీపావళికి అలవాటుపడ్డ చెవులకి కూడా నిద్ర కష్టమే. 24 పొద్దున ఎనిమిదింటి రైలు పెట్టుకోకండి. ఆ రోజు నగరంలోనే తీరిగ్గా గడపండి. 23 సాయంత్రం సిట్జెస్ కూడా వద్దు, తిరుగు రైలు కిక్కిరిసిపోతుంది.

ఇక మోంట్‌సెరాట్. మీ మూడు రోజుల్లో ఇదే ముఖ్యం, పొరపాట్లు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. ప్లాసా ఎస్పాన్యాలో మన్రేసా వైపు వెళ్లే ఆర్5 రైలెక్కాలి. ప్లాసా కాటలున్యాలో కూడా ఎఫ్‌జీసీ స్టేషన్ ఉంది కానీ అది వేరే లైన్, అక్కణ్నుంచి మోంట్‌సెరాట్ రైలు లేదు. దాదాపు గంట ప్రయాణం తర్వాత కొండ కింద రెండు స్టేషన్లు వెంటవెంటనే వస్తాయి. మొదటిది ఆయెరి దె మోంట్‌సెరాట్, అక్కడ రోప్‌వే. రెండోది మోనిస్త్రోల్ దె మోంట్‌సెరాట్, అక్కడ క్రెమల్యేరా, అంటే పట్టాల మధ్య పళ్లచక్రం పట్టుతో ఎక్కే కొండరైలు. టికెట్ కొనేటప్పుడే రెండిటిలో ఏదో తేల్చుకోవాలి. ఒకదాని టికెట్ రెండోదానికి చెల్లదు. తప్పు స్టేషన్లో దిగితే తర్వాతి రైలు దాకా ఆగాలి, లేదా పైకి మళ్లీ డబ్బు కట్టాలి.

రోప్‌వే 1930 నుంచి నడుస్తోంది, అయిదు నిమిషాల్లో పైకి చేరుస్తుంది, దృశ్యం బ్రహ్మాండం. కానీ క్యాబిన్ చిన్నది, నిలబడే వెళ్లాలి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. క్రెమల్యేరాకి ఇరవై నిమిషాలు పడుతుంది, కూర్చుని వెళ్లొచ్చు. పాత కొండరైలు 1957లో మూతపడింది, ఇప్పుడు నడిచేది 2003లో మళ్లీ కట్టినది. అమ్మానాన్నలతో అయితే నా ఓటు క్రెమల్యేరాకే. ఎత్తంటే భయం లేకపోయినా సరే, అసలు కారణం తిరుగు ప్రయాణం. వచ్చేటప్పుడు రైలు ముందు మోనిస్త్రోల్‌లో ఆగి, తర్వాత ఆయెరికి వస్తుంది. సాయంత్రం మోనిస్త్రోల్‌లో ఎక్కినవాళ్లు సీట్లు పట్టేస్తారు, ఆయెరిలో ఎక్కినవాళ్లు గంటసేపు నిలబడి బార్సిలోనా చేరతారు. వెళ్లేటప్పుడు ఈ బాధ లేదు, రైలు ప్లాసా ఎస్పాన్యాలోనే బయల్దేరుతుంది కాబట్టి పదిహేను నిమిషాల ముందు వెళ్తే కలిసి కూర్చోవచ్చు.

మెట్రో, ఆర్5, కొండరైలు, పైన ఫ్యూనిక్యులర్ (తాడుతో లాగే కొండబండి) కలిపి ట్రాన్స్ మోంట్‌సెరాట్ అనే టికెట్ ఉంది. అదే భోజనం, మ్యూజియంతో కలిపితే తోత్ మోంట్‌సెరాట్. శాకాహారులకు రెండోదాంట్లో భోజనం డబ్బు గిట్టుబాటు కాదు, మొదటిది తీసుకోండి. బసీలికాకీ (మఠంలోని పెద్ద చర్చి), లా మొరెనేతా అనే నల్ల మేరీమాత దర్శనానికీ టైమ్‌స్లాట్ ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి. పైకి చేరాక చూద్దాంలే అనుకుంటే ఆ రోజు స్లాట్లు అయిపోయి ఉండొచ్చు. భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి. ఎస్కొలానియా అనే అబ్బాయిల గాయక బృందం మామూలుగా మధ్యాహ్నం ఒంటిగంటకు పాడుతుంది, కానీ శనివారాలు ఉండదు, పిల్లల వేసవి సెలవుల్లోనూ ఉండదు. జూన్ చివరి వారం ఆ సెలవుల అంచున పడుతుంది. మఠం సైట్‌లో తేదీ చూడకుండా దాని మీద ఆశ పెట్టుకుని రోజంతా అల్లుకోకండి.

మఠం సుమారు 720 మీటర్ల ఎత్తున ఉంది. అసలు కొండ దాని పైన మొదలవుతుంది. సాంత్ జోఆన్ ఫ్యూనిక్యులర్ దాదాపు వెయ్యి మీటర్లకు తీసుకెళ్తుంది. అక్కణ్నుంచి అత్యున్నత శిఖరం సాంత్ జెరోనికి (1236 మీటర్లు) నడక గంటం పావుకు తగ్గదు, చివర్లో మెట్లు. పాపతో మీ ఇద్దరిలో ఒకరు వెళ్లొచ్చు. అమ్మానాన్నలు ఫ్యూనిక్యులర్ పైన చెట్ల నీడలో కాసేపు కూర్చుని దిగిపోతే చాలు. పైన దుకాణాలుండవు, మనిషికి లీటరు నీళ్లు మోసుకెళ్లండి. మేఘం కమ్మితే పైకి వెళ్లినా ఏమీ కనబడదు కాబట్టి ముందు ఫ్యూనిక్యులర్, తర్వాత బసీలికా అని క్రమం బిగించుకోకుండా, చేరిన వెంటనే కొండ విప్పారి ఉంటే ముందు పైకే వెళ్లండి. దర్శనం స్లాట్ పదకొండున్నర తర్వాత తీసుకుంటే ఈ వెసులుబాటు ఉంటుంది. మఠానికి వెళ్లే దారి పక్కన రైతులు తేనె, మతో అనే ఉప్పులేని తాజా జున్ను అమ్ముతారు. ఆ రెండూ కలిపి తినడం ఇక్కడి అలవాటు, మీ పాపకి నచ్చుతుంది. ఆఖరి క్రెమల్యేరా ఎన్నింటికో కాలాన్ని బట్టి మారుతుంది, చేరగానే బోర్డు ఫొటో తీసుకోండి.

ఇదంతా అయ్యేసరికి సాయంత్రం అయిదవుతుంది. ఆ తర్వాత సిట్జెస్ ఎందుకు వద్దన్నానో ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఫిగేరెస్, జిరోనా రోజున కడకేస్ కొట్టేయండి. అక్కడికి రైలు లేదు. బార్సిలోనా నుంచి బస్సులో ఒకవైపే రెండు గంటల ముప్పావు దాకా పడుతుంది, రోజుకు కొద్ది బస్సులే. ఆఖర్న కొండ మీద వంపుల రోడ్డు, కడుపులో తిప్పేవాళ్లకు నరకం. దగ్గర్లోని పోర్త్‌లిగాత్‌లో చిత్రకారుడు సాల్వడార్ దాలీ ఇల్లు చూడాలంటే చిన్న గుంపులుగానే పంపుతారు, ముందస్తు టికెట్ తప్పనిసరి. అక్కడ రాత్రి ఉండగలిగితేనే వెళ్లాలి.

ముందు ఫిగేరెస్, తర్వాత జిరోనా. ఈ క్రమం తిప్పకండి. జిరోనా తిరుగుదారిలో ఉంది, అక్కణ్నుంచి బార్సిలోనాకి రైళ్లు ఎక్కువ, ఒకటి పోయినా ఇంకోటి దొరుకుతుంది. దాలీ మ్యూజియంకి పొద్దున స్లాట్ తీసుకుంటే టూర్ బస్సుల రద్దీ ముందే బయటపడొచ్చు. సాంత్స్ నుంచి హైస్పీడ్ రైలు గంటలోపే చేరుస్తుంది, కానీ అది ఆగే స్టేషన్ ఫిగేరెస్ విలఫాంత్, ఊరి బయట. మ్యూజియంకి ఇరవై నిమిషాల నడక లేదా టాక్సీ. ప్రాంతీయ రైళ్ల స్టేషన్ వేరు, అది ఊళ్లోనే ఉంది, పేరు ఉత్త ఫిగేరెస్. ఈ రెంటినీ కలగలపడం వల్ల రైళ్లు తప్పిపోతుంటాయి. మీరు దీన్నే అనుకూలంగా వాడుకోవచ్చు: వెళ్లేటప్పుడు విలఫాంత్‌లో దిగండి, మ్యూజియం అయ్యాక ఊళ్లోని పాత స్టేషన్‌కి నడిచి ప్రాంతీయ రైల్లో జిరోనాకి వెళ్లండి. అరగంట, నలభై నిమిషాల ప్రయాణం. ప్రాంతీయ రైలుకి సీటు రిజర్వేషన్ ఉండదు, మ్యూజియంలో ఆలస్యమైనా టికెట్ నష్టం లేదు. హైస్పీడ్ టికెట్ మాత్రం ఆ ఒక్క రైలుకే. దానికి సామాన్లు స్కాన్ చేస్తారు, బయల్దేరే ముందే గేటు మూసేస్తారు, పాస్‌పోర్టు దగ్గరుండాలి. సాంత్స్‌కి అరగంట ముందు చేరండి.

దాలీ ఈ మ్యూజియాన్ని అంతర్యుద్ధంలో కాలిపోయిన తన ఊరి నాటకశాల మీద కట్టించాడు, 1974లో తెరిచారు. 1989లో పోయాక ఆయన్ని ఇందులోనే, పాత రంగస్థలం కిందే పాతిపెట్టారు. రెండు గంటలు చాలు. వేసవి నడినెలల్లో తప్ప సోమవారాలు మామూలుగా సెలవు, జూన్‌లో సోమవారం పెట్టుకోకండి. ఫిగేరెస్‌లో ఇది తప్ప మీకు పెద్దగా పనేమీ లేదు, తిని బయల్దేరండి.

జిరోనా స్టేషన్ నుంచి పాత ఊరు పావుగంట నడక, అంతా చదునే. ఒన్యార్ నది మీద ఎర్ర ఇనప వంతెన ఐఫెల్ కంపెనీ కట్టింది, ఐఫెల్ టవర్ కంటే ముందు, 1877లో. నది పక్కన రంగుల ఇళ్ల ఫొటోలు అందరూ తీసేది అక్కణ్నుంచే. నది దాటాక చదును ఉండదు. కెథడ్రల్ ముందు తొంభై దాకా మెట్లున్నాయి. లోపలి మధ్యభాగం 23 మీటర్ల వెడల్పు, గోతిక్ చర్చిల్లో అంత వెడల్పైన కప్పు ఇంకోటి లేదు. మధ్యలో స్తంభాలు లేకుండా కట్టగలరా లేదా అని అప్పట్లో మేస్త్రీలను పిలిచి అభిప్రాయాలు అడిగారు. లోపలికి వెళ్లాక ఎందుకు అడిగారో తెలుస్తుంది. అమ్మానాన్నల మోకాళ్లు ఒప్పుకోకపోతే మెట్ల ముందుదాకా వెళ్లకుండా టాక్సీని పై వైపుకి తీసుకెళ్లమనండి. కోటగోడ మీద నడక పాపకి ఇష్టమవుతుంది. పాత యూదుల వాడ ఎల్ కాల్ సందులు మధ్యాహ్నం మూడింటికి కూడా నీడగా ఉంటాయి. కాబట్టి ఎండ తగ్గేదాకా అక్కడ, అయిదు దాటాక గోడ మీదికి. జూన్ చివర్లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, తొందరేమీ లేదు. తిరుగు ప్రయాణానికి అవాంత్ అనే హైస్పీడ్ రైలైతే నలభై నిమిషాల లోపు, ప్రాంతీయ రైలైతే గంటం పావు. అవాంత్ ధర చివరి రోజు కూడా పెరగదు కానీ సీట్లు అయిపోతాయి. ఏవీఈ అనే దూరప్రాంత హైస్పీడ్ రైలు ధర మాత్రం రోజురోజుకీ మారుతుంది, అది ముందే కొనండి.

తరగోనా విషయంలో ఒక్క ఉచ్చు తెలిస్తే చాలు. బుకింగ్ సైట్ మీకు ముందుగా చూపించే అరగంట రైలు కాంప్ దె తరగోనా స్టేషన్‌కి వెళ్తుంది. అది ఊరికి పది కిలోమీటర్ల అవతల పొలాల మధ్య ఉంది. మీకు కావలసింది తరగోనా అనే స్టేషన్, సముద్రం ఒడ్డున. ప్రాంతీయ రైల్లో గంట నుంచి గంటన్నర. పసేజ్ దె గ్రాసియాలో కూడా ఎక్కొచ్చు. స్టేషన్ కింద, ఊరు పైన. పొద్దున టాక్సీలో పైకెళ్లి రోజంతా దిగుతూ రావడం మోకాళ్లకు మంచిది, కానీ రోమన్ యాంఫీథియేటర్లో చెట్టు నీడ లేదు, పదకొండు దాటితే రాయి కాలిపోతుంది. అందుకని తెరవగానే యాంఫీథియేటర్, అక్కణ్నుంచి దగ్గర్లోనే ఉన్న సర్కస్ (రథాల పందేల మైదానం) సొరంగాలు, ఆ తర్వాత టాక్సీలో పైన కెథడ్రల్, భోజనం, ఆనక రాంబ్లా నోవా మీదుగా సముద్రం చూసే బాల్కనీ దాకా, అట్నుంచి స్టేషన్‌కి. రోమన్ కట్టడాలన్నిటికీ కలిపి ఒకే టికెట్ ఉంటుంది. ఇక్కడా సోమవారం సెలవే. ఓపిక మిగిలితే ఊరి బయట నాలుగు కిలోమీటర్ల దూరంలో రోమన్ కాలువ వంతెన ఉంది, రెండంతస్తుల రాతి కమానులు, 217 మీటర్ల పొడవు, పైన నీళ్లు పారిన గాడిలో నడవొచ్చు. టాక్సీని వెయిటింగ్‌లో పెట్టండి, అక్కడ తిరుగు టాక్సీ దొరకదు. ఇదే ఉంటే వైన్ ఊరు కుదరదు. పైగా అది వేరే దారి, ఆర్4 లైన్ మీద సాంత్ సదుర్నీ. తాగేవాళ్లు లేని ఇంట్లో పూట ఖర్చుపెట్టాల్సినంత అక్కడ లేదు.

సిట్జెస్‌కి రోజు అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు. నాలుగింటికి బయల్దేరితే నలభై నిమిషాల్లో బీచ్ దగ్గరుంటారు. పసేజ్ దె గ్రాసియాలో ఒకే ప్లాట్‌ఫామ్ మీద ఆర్2 నోర్ద్, ఆర్2, ఆర్2 సూద్ మూడూ వస్తాయి. నోర్ద్ ఎక్కితే ఎయిర్‌పోర్టులో తేలతారు, ఉత్త ఆర్2 ఎక్కితే కాస్తెల్‌దెఫెల్స్‌లో ఆగిపోతుంది. బోర్డు మీద చివరి స్టేషన్ విలనోవా లేదా సాంత్ విసెన్స్ దె కాల్దెర్స్ అని ఉంటేనే ఎక్కండి. కిటికీ సీటు ఎడమవైపు. గర్రాఫ్ కొండ సొరంగాల మధ్య సముద్రం పట్టాల పక్కనే కనిపిస్తుంది. పటంలో సిట్జెస్, తరగోనా ఒకే గీత మీద ఉన్నాయని కలపకండి, తరగోనా రైళ్లు చాలావరకు సిట్జెస్‌లో ఆగవు.

నగరంలో వాడే ఒక జోన్ టీ-కాజువల్ కార్డు (పది ప్రయాణాలు, ఒక్క మనిషికే, చేతులు మార్చి వాడకూడదు) సిట్జెస్‌కి చెల్లదు, వేరే టికెట్ కొనండి. అదే కార్డు చెల్లే మంచి చోటు కొలోనియా గ్వెల్. ప్లాసా ఎస్పాన్యా నుంచి ఎఫ్‌జీసీలో పాతిక నిమిషాలు. మిల్లు కార్మికుల ఊరికి వాస్తుశిల్పి గౌడీ మొదలుపెట్టి సగంలో ఆగిపోయిన చర్చి అది. గొలుసులు, చిన్న బరువుల సంచులు తలకిందులుగా వేలాడదీసి కమానుల ఆకారం లెక్కగట్టిన పద్ధతి దీనికోసమే. గౌడీ కట్టడాల్లో జనం తక్కువ ఉండేది ఇదేనని నా అభిప్రాయం. 25కి సరిగ్గా సరిపోయే పూట ప్రయాణం.

తిండి. హోటళ్ల వంటగదులు మధ్యాహ్నం ఒకటి నుంచి మూడున్నర దాకా, మళ్లీ రాత్రి ఎనిమిది తర్వాతే. అయిదింటికి ఆకలేస్తే బేకరీ తప్ప ఏమీ దొరకదు, అందుకే ఒంటిగంటకే కూర్చోండి. మాంసం వద్దంటే హామ్ తీసేయరు, దాన్ని మాంసం లెక్కలో వేసుకోరు. "సెన్సె కార్న్, సెన్సె పెర్నిల్, సెన్సె పెష్" అని మూడూ చెప్పండి: మాంసం, హామ్, చేప లేకుండా. సలాడ్ మీద అడక్కుండానే ట్యూనా వేస్తారు. పాలకూరలో కిస్‌మిస్, పైన్ గింజలతో పాటు ఒక్కోసారి పంది ముక్కలు పడతాయి. ఎస్కలివాదా (కాల్చిన వంకాయ, క్యాప్సికమ్) మీకు సరిపోయే వంటకం, కానీ పైన చిన్న చేపలు పరుస్తారు, వద్దని ముందే చెప్పాలి. టొమాటో రుద్దిన రొట్టె పా అంబ్ తొమాకెత్ ఎక్కడైనా క్షేమం. గుడ్డు తింటే ఆలూ ఆమ్లెట్ ఉండనే ఉంది. మాటల్లో మీరు ఎక్కడివాళ్లని అడిగితే అనంతపురం పేరు ఎత్తి చూడండి. అక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీని స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ 1920లో పుట్టింది బార్సిలోనాలోనే, ఆయన ఫౌండేషన్ వల్ల ఆ పేరు ఇక్కడ చాలామంది విన్నారు.

కారు అద్దెకు తీసుకోవాలన్న ఆలోచన మానుకోండి. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలి, పనిదినాల్లో నగరంలో కాలుష్య నియంత్రణ జోన్ ఉంటుంది, పాత ఊళ్లలో పార్కింగ్ దొరకదు. మీ జాబితాలో ఏ ఊరికీ కారు అవసరం లేదు. తీరం ఊరు ఒకటి చూడాల్సిందేనంటే కడకేస్‌కి బదులు తోస్సా దె మార్. ఎస్తాసియో దెల్ నోర్ద్ నుంచి బస్సులో గంటన్నర లోపు, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ మీద ప్రాకారంతో పాత ఊరు. వెళ్లేటప్పుడే తిరుగు టికెట్ కూడా కొనాలి, సాయంత్రం బస్సులు నిండిపోతాయి.

తేదీలు పేర్చాలంటే: సోమవారం ఏ తేదీన వస్తుందో ముందు చూడండి, దానికి మోంట్‌సెరాట్ ఇవ్వండి, ఎందుకంటే మిగతా రెండిటికీ సోమవారం పనికిరాదు. అది 20 నుంచి 23 లోపు పడకపోతే మోంట్‌సెరాట్‌ని వేరే పనిదినానికి జరపండి. మిగిలిన రెండు రోజులు 20 నుంచి 23 లోపే, వారాంతం తప్పించి కుదిరితే మేలు. ఇప్పుడే బుక్ చేయాల్సినవి దాలీ మ్యూజియం స్లాట్, పొద్దుటి ఫిగేరెస్ హైస్పీడ్ రైలు, మోంట్‌సెరాట్ బసీలికా దర్శనం. మిగతావి అక్కడికెళ్లాక తీసుకోవచ్చు. అరవై దాటినవాళ్లకు రెన్ఫే తర్హెతా దొరాదా అనే రాయితీ కార్డు ఇస్తుంది, కొద్ది యూరోలే. అమ్మానాన్నలకు సాంత్స్ కౌంటర్‌లో పాస్‌పోర్టు చూపించి తీసుకోండి, అక్కడికెళ్లాక కొనే రెన్ఫే టికెట్ల కంటే ముందే.